టీవీ వెనక్కి ఒక్కసారి చూడండి!

లక్ష రూపాయల టీవీ గోడెక్కింది. మాటలు మాత్రం అర్థం కావు. హెచ్‌డీ ప్యాకేజీకి నెలనెలా డబ్బు కడుతున్నాం. బొమ్మ మాత్రం మసక. చాలా ఇళ్లలో లోపం సామానులో ఉండదు, దాన్ని కలిపిన తీరులో ఉంటుంది. ఏ వైరు ఎక్కణ్నుంచి బయల్దేరి ఎక్కడికి చేరాలో తెలిస్తే ఉన్న సామానుతోనే ఇల్లు సగం థియేటర్ అవుతుంది.

దసరా, దీపావళి ఆఫర్లలో టీవీ కొన్న ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే. కంపెనీ కుర్రాడు వస్తాడు. గోడకు రంధ్రాలు వేసి, స్టాండు బిగించి, టీవీ తగిలిస్తాడు. వైఫై పాస్‌వర్డ్ అడుగుతాడు. రిమోట్ చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. అంతకుముందున్న సెట్‌టాప్ బాక్సును మాత్రం ఆ పసుపు, తెలుపు, ఎరుపు వైర్లతో సహా ఉన్నదున్నట్టు కొత్త టీవీకి తగిలిస్తాడు. బొమ్మ వచ్చింది కదా అని ఎవరూ ఇంకేమీ అడగరు. 55 అంగుళాల 4కే తెర మీద వీడియో క్యాసెట్ల కాలం నాటి నాణ్యతతో సీరియళ్లు చూడటం అలా మొదలవుతుంది.

శబ్దం సంగతి ఇంకా ఘోరం. టీవీలు పలచబడే కొద్దీ స్పీకర్లకు చోటు లేకుండా పోయింది. ఉన్న చిన్న స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. హీరోయిన్ గుసగుసలాడితే వాల్యూమ్ 50కి పెంచాలి, మరుక్షణం ఫైటు మొదలైతే పక్కింటివాళ్లు తలుపు కొట్టకముందే 15కి దించాలి. సినిమా చూసినంతసేపూ రిమోట్ చేతిలోంచి దిగదు. అదే ఇంట్లో అటక మీద, పాత పరుపుల వెనక, నాన్నగారు మోజుపడి కొనుక్కున్న స్టీరియో యాంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు దుమ్ము కొట్టుకుని పడి ఉంటాయి. కొత్త టీవీకి దాన్ని కలపవచ్చని చెప్పేవాళ్లు లేక అది పాత సామాన్ల బండి కోసం ఎదురుచూస్తుంటుంది.

ఈ చిక్కులన్నిటికీ జవాబు టీవీ ముందు కాదు, వెనక ఉంది.

మిద్దె మీద నుంచి హాల్లోకి

మనకు టీవీ కలపడమంటే మొదట్లో మిద్దె మీద పనే. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేర్చడానికి 1975-76లో చేసిన ‘సైట్’ ప్రయోగానికి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలను ఎంచుకుంటే, అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ల గూళ్లకు కొట్టే వలలాంటి ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా సంకేతాన్ని పట్టేది. కింద పెట్టిన సెట్లు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైనవి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చాక వీధివీధినా అల్యూమినియం కడ్డీల యాంటెన్నాలు లేచాయి. వాటి నుంచి కిటికీలోకి దిగే ఒక్క వైరులోనే బొమ్మా, మాటా రెండూ వచ్చేవి. కలపడానికి ఒక్కటే చోటు కాబట్టి పొరపాటుకు తావే లేదు.

ఆ తర్వాత వీడియో క్యాసెట్ ప్లేయర్ (వీసీపీ) వచ్చింది. పెళ్లికో, పుట్టినరోజుకో కలర్ టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేయించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. సామాను తెచ్చిన కుర్రాడు ముందుగా యాంటెన్నా వైరు పీకి ఆ చోట వీసీపీ వైరు దూర్చేవాడు. వీసీపీ తన బొమ్మను ఒక చానల్ మీద పంపేది. టీవీలో ఆ చానల్ దొరికేదాకా బుల్లి చక్రం తిప్పుతూ కూర్చోవాలి. చుక్కలు పోయి బొమ్మ నిలవగానే ఇంటిల్లిపాదీ చప్పట్లు.

వీసీడీ, డీవీడీ ప్లేయర్ల కాలానికి మూడు రంగుల పిన్నులు రాజ్యమేలాయి. ఈ పిన్నుకు ఆర్‌సీఏ అన్న పేరు రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా నుంచి వచ్చింది. రేడియోకు గ్రామఫోన్ కలపడానికి ఆ కంపెనీ వాడిన పిన్ను ఎనభై ఏళ్లు దాటినా మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. హిటాచీ, మత్సుషితా, ఫిలిప్స్, సిలికాన్ ఇమేజ్, సోనీ, థామ్సన్, తోషిబా అనే ఏడు కంపెనీలు కలిసి 2002 డిసెంబరులో హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణాన్ని ప్రకటించాయి. బొమ్మా, మాటా మళ్లీ ఒకే వైరులోకి వచ్చాయి. ఈసారి అంకెల రూపంలో.

పసుపు వైరుతో ఎంత నష్టం?

మూడు రంగుల వైర్లలో తెలుపు ఎడమవైపు శబ్దాన్ని, ఎరుపు కుడివైపు శబ్దాన్ని మోస్తాయి. వీటితో పేచీ లేదు. చిక్కంతా పసుపుతోనే. బొమ్మలోని వెలుగునీడల సమాచారం, రంగుల సమాచారం రెండూ ఆ ఒక్క తీగలో కలగలిసి వస్తాయి. వాటిని టీవీ మళ్లీ విడదీసుకోవాలి. ఆ పని పూర్తిగా ఎప్పుడూ జరగదు. అందుకే సన్న చారల చొక్కా వేసుకున్న యాంకర్ ఒంటి మీద లేని రంగులు మెరుస్తాయి. ఎర్ర అక్షరాల అంచుల్లో చిన్న చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తాయి.

కొలతల్లో చూస్తే నష్టం ఇంకా స్పష్టం. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో బొమ్మకు పైనుంచి కిందికి 576 గీతలే ఉంటాయి. హెచ్‌డీలో 1,080. 4కే తెరకు 2,160. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీ చానల్‌ను అందుకుని, పసుపు వైరు కోసం 576కు కుదిస్తుంది. ఆ కుదించినదాన్నే టీవీ 2,160కి సాగదీస్తుంది. మధ్యలో పోయింది ఎంత మంచి టీవీ అయినా తిరిగి తేలేదు.

మందు సులువు. బాక్సు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే పసుపు వైరు తీసేసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. పని అక్కడితో అయిపోలేదు. బాక్సు సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిజల్యూషన్ 1080కి, స్క్రీన్ 16:9కి మార్చాలి. చాలామంది ఈ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. మార్చాక కూడా అందరి ముఖాలూ ఉబ్బి, పొట్టిగా కనిపిస్తుంటే అది పాత 4:3 కార్యక్రమాన్ని టీవీ బలవంతంగా సాగదీయడం వల్ల. పిక్చర్ సైజును ‘ఒరిజినల్’కో ‘ఆటో’కో మారిస్తే మనుషులు మనుషుల్లా కనిపిస్తారు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. మామూలు ఎస్‌డీ చానల్ ఎంత మంచి వైరు వేసినా హెచ్‌డీ అయిపోదు.

19 పిన్నుల గుట్టు

హెచ్‌డీఎంఐ మొనను వెలుతురులో పెట్టి చూస్తే లోపల సన్నని పిన్నులు వరసగా కనిపిస్తాయి. మొత్తం 19. బొమ్మ, మాట, రిమోట్ ఆజ్ఞలు, దొంగ కాపీలు తీయకుండా తాళం, అన్నీ వాటి మీదే నడుస్తాయి. ఈ తాళం పేరు హెచ్‌డీసీపీ. కొత్త ప్లేయర్ పెట్టగానే తెర నల్లగా ఉండిపోతే ఎక్కువసార్లు వైరు చెడిపోయి కాదు, రెండు పెట్టెలూ ఈ తాళం దగ్గర ఒకదాన్నొకటి గుర్తుపట్టక. అన్నీ ఆపి, ప్లగ్గులు పీకి, ముందు టీవీ, తర్వాత ప్లేయర్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

వైరు ధర విషయంలో మోసపోకండి. అందులో వెళ్లేవి అంకెలు. అవి పూర్తిగా చేరితే బొమ్మ వస్తుంది, చేరకపోతే మెరుపులు, ఆగిపోవడాలు, నల్ల తెర. బంగారు పూత వేశామని నాలుగు వేలకు అమ్మే రెండు మీటర్ల వైరు, నాలుగు వందల వైరు కంటే రంగులు బాగా చూపించడమన్నది జరగదు. చూడాల్సింది వైరు మోయగలిగే బరువు. 2013లో వచ్చిన 2.0 ప్రమాణం సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది. 4కే సినిమాలకు అది చాలు. 2017 నాటి 2.1 ప్రమాణం 48 గిగాబిట్లు మోస్తుంది. కొత్త ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలో 4కేలో సెకనుకు 120 ఫ్రేముల ఆటలు ఆడేవాళ్లకే దాని అవసరం. గేమ్ కన్సోల్ పెట్టాక రంగులు వెలవెలబోతుంటే, టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ రంధ్రానికి సంబంధించి ‘ఎన్‌హాన్స్‌డ్’, ‘డీప్ కలర్’, ‘సిగ్నల్ ప్లస్’ లాంటి పేరుతో ఒక మీట ఉంటుంది. దాన్ని వేయాలి.

టీవీ వెనక రెండు మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా అన్నీ ఒకటి కావు. ఒకదాని పక్కన ‘ఏఆర్‌సీ’ అనో ‘ఈఏఆర్‌సీ’ అనో రాసి ఉంటుంది. మిగతావాటిలోకి బొమ్మా, మాటా లోపలికి మాత్రమే వస్తాయి. ఈ ఒక్కదాంట్లోంచి టీవీ శబ్దం బయటికి కూడా వెళుతుంది. 2009లో వచ్చిన 1.4 ప్రమాణంతో ఈ సౌకర్యం మొదలైంది. సౌండ్‌బార్ కొన్నవాళ్లు ‘శబ్దం రావట్లేదు’ అని ఫోన్ చేసే సందర్భాల్లో చాలావరకు వైరు పక్క రంధ్రంలో ఉండటమో, టీవీ మెనూలో సౌండ్ అవుట్‌పుట్ ఇంకా ‘టీవీ స్పీకర్’ మీదే ఉండటమో కారణం. రంధ్రం మార్చి, మెనూ మారిస్తే అయిపోయే పని.

జంక్షన్ ఎక్కడ పెట్టాలి?

నాలుగు పెట్టెలున్న ఇంట్లో ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. అన్నీ కలిసే చోటు టీవీయా, యాంప్లిఫయరా? కాజీపేటలాంటి జంక్షన్ ఒకటి ఉంటేనే ఏ బండి ఎటు పోవాలో తేలుతుంది. రెండు చోట్లా సగం సగం కలిపితే ఒక రిమోట్‌కు మాట, ఇంకో రిమోట్‌కు బొమ్మ మారుతూ ఇల్లంతా గందరగోళం.

మొదటి పద్ధతిలో టీవీయే జంక్షన్. సెట్‌టాప్ బాక్సు, స్ట్రీమింగ్ స్టిక్, గేమ్ కన్సోల్ అన్నీ టీవీ హెచ్‌డీఎంఐ రంధ్రాల్లోకి వెళతాయి. టీవీ నుంచి ఒకే ఒక్క వైరు శబ్దాన్ని సౌండ్‌బార్‌కో స్టీరియోకో తీసుకెళుతుంది. స్మార్ట్ టీవీలోనే యాప్‌లు చూసేవాళ్లకు, సౌండ్‌బార్ ఉన్నవాళ్లకు, పాత యాంప్లిఫయర్ ఉన్నవాళ్లకు ఇదే మేలు.

రెండో పద్ధతిలో ఏవీ రిసీవర్ అనే పెద్ద యాంప్లిఫయరే జంక్షన్. అన్ని పెట్టెలూ దానిలోకి వెళతాయి. అది శబ్దాన్ని తన దగ్గర ఉంచుకుని బొమ్మను టీవీకి పంపుతుంది. ఐదారు స్పీకర్లు, బ్లూ-రే ప్లేయర్ ఉన్న సినిమా పిచ్చోళ్లకు ఇది సరైన దారి. కాకపోతే రిసీవర్ పదేళ్ల నాటిదైతే జాగ్రత్త. 4కే బొమ్మకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి. అది లేని పాత రిసీవర్ మధ్యలో నిలబడితే 4కే కాస్తా మామూలు హెచ్‌డీకి దిగిపోతుంది, లేదా అసలు రాదు. అలాంటప్పుడు టీవీనే జంక్షన్‌గా చేసుకోవడం తెలివైన పని.

ఏ పద్ధతైనా సూత్రం ఒకటే. ‘అవుట్’ అని రాసినచోట నుంచి బయల్దేరిన వైరు ‘ఇన్’ అని రాసినచోటే చేరాలి. అవుట్ నుంచి అవుట్‌కు, ఇన్ నుంచి ఇన్‌కు కలిపితే ఏదీ కాలిపోకపోవచ్చు గానీ ఏదీ రాదు. ఇళ్లలో ‘పనిచేయట్లేదు’ అనుకునే కనెక్షన్లలో పెద్ద వాటా ఈ ఒక్క పొరపాటుదే.

అటక మీది స్టీరియోను దించండి

ఇరవై ముప్పై ఏళ్ల నాటి మంచి స్టీరియోకు హెచ్‌డీఎంఐ ఉండదు. అయినా అది ఈనాటి చవక సౌండ్‌బార్ల కంటే నిండుగా పాడగలదు. పెద్ద చెక్క పెట్టె, అందులో ఆరేడు అంగుళాల ఊఫరు, పైన చిన్న ట్వీటరు ఉన్న స్పీకర్ ఇచ్చే గాలిని అరచేతి మందం ప్లాస్టిక్ గొట్టం ఇవ్వలేదు. దాన్ని టీవీకి కలపడానికి మూడు దారులున్నాయి.

అన్నిటికంటే చవకది హెడ్‌ఫోన్ జాక్. ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండోవైపు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న వైరు కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే కట్టలకు కట్టలు చూపిస్తారు. టీవీ వాల్యూమ్‌ను ముప్పాతిక దాకా పెంచి వదిలేసి, ఆ తర్వాత పెంచడం తగ్గించడం యాంప్లిఫయర్ దగ్గరే చేసుకోవాలి. తిరగేసి చేస్తే పాటతో పాటు బుస కూడా పెరుగుతుంది.

రెండోది ఆప్టికల్. టీవీ వెనక చిన్న చదరపు మూత లోపల ఎర్రగా వెలుగుతుండేది ఇదే. తోషిబా కంపెనీ 1983లో తెచ్చిన ఈ పద్ధతిలో శబ్దం కరెంటుగా కాకుండా కాంతిగా వెళుతుంది. కొత్త ఆప్టికల్ వైరు కొన్నప్పుడు మొనకు పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. దాన్ని తీయకుండానే గుచ్చి ‘ఇది పనికిరాదు’ అని తిరిగిచ్చేసేవాళ్లున్నారు. పాత స్టీరియోకు కాంతి భాష తెలియదు కాబట్టి మధ్యలో ‘డాక్’ అనే చిన్న డబ్బా కావాలి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. టీవీ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను తప్పనిసరిగా ‘పీసీఎం’కు మార్చాలి. ‘ఆటో’లోనో ‘డాల్బీ’లోనో ఉంచితే ఆ చిన్న డబ్బాకు అర్థం కాక మౌనంగా ఉంటుంది, లేదా గరగరలాడుతుంది.

మూడోది ఏఆర్‌సీ ఉన్న డాక్. దీనికి కాస్త ఎక్కువ ఖర్చవుతుంది గానీ టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మార్చుకునే వీలుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సౌకర్యం కోసం ఆ ఖర్చు పెట్టొచ్చు.

యాంప్లిఫయర్ వెనక ఏ రంధ్రంలో పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఆక్స్, సీడీ, ట్యూనర్... పేర్లు వేరైనా ఇవన్నీ ఒకటే, దేంట్లో పెట్టినా పాడుతుంది. టేప్ దగ్గర మాత్రం రెండు జతలుంటాయి. ‘ప్లే’ అన్నది లోపలికి వచ్చే దారి, ‘రికార్డ్’ అన్నది బయటికి పోయే దారి. ‘ఫోనో’ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది ఎల్పీ రికార్డు ప్లేయర్ కోసం. రికార్డు మీది ముల్లు ఇచ్చే సంకేతం ఐదు మిల్లీవోల్టుల దగ్గర ఉంటే, సీడీ ప్లేయర్ ఇచ్చేది రెండు వోల్టుల దాకా. అంటే దాదాపు 400 రెట్లు. అంత చిన్న సంకేతాన్ని పెంచడానికి కట్టిన దారిలోకి టీవీ శబ్దాన్ని వదిలితే చెవులు చిల్లులు పడతాయి.

ఈమధ్య ఎల్పీల మోజు మళ్లీ మొదలైంది కాబట్టి దానికి తిరగేసిన చిక్కూ చూస్తున్నాం. కొత్తగా కొన్న టర్న్‌టేబుల్‌ను సౌండ్‌బార్ ఆక్స్‌లో పెడితే ఘంటసాల పాట ఎక్కడో పక్క వీధి మైకులోంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తుంది. కారణం సంకేతం చిన్నదవడం ఒక్కటే కాదు. రికార్డు మీద గాడి చెక్కేటప్పుడే బరువైన స్వరాలను తగ్గించి, సన్న స్వరాలను పెంచుతారు. 1954 నుంచి ఇందుకు ఆర్‌ఐఏఏ ప్రమాణమే లెక్క. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేయాలి. ఆ పని ఫోనో ప్రీయాంప్ చేస్తుంది. కొన్ని టర్న్‌టేబుళ్లలో అది లోపలే ఉంటుంది, వెనక ‘ఫోనో/లైన్’ అనే చిన్న మీట చూసుకోవాలి. రెండు ఆర్‌సీఏ పిన్నులతో పాటు మూడో సన్నని తీగ వేలాడుతుంటే దాన్ని కత్తిరించకండి. యాంప్లిఫయర్ వెనక గ్రౌండ్ అని రాసిన మరకు దాన్ని బిగిస్తేనే గుయ్‌మనే శబ్దం ఆగుతుంది.

ఇక స్పీకర్ వైర్లు. పని మొదలుపెట్టే ముందు యాంప్లిఫయర్ ప్లగ్గు పీకేయండి. వైరు చివర సెంటీమీటరు మేర తొడుగు తీసి, లోపలి రాగి పోగులను వేళ్లతో గట్టిగా పురిపెట్టాలి. ఒక్క పోగు పక్కకు చీలి పక్క టెర్మినల్‌ను తాకినా చాలు, వాల్యూమ్ పెంచగానే యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. జంట వైరులో ఒకదాని మీద గీతో, గాడో ఉంటుంది. ఆ గీత ఉన్నది రెండువైపులా ఎరుపులోనే పెట్టాలి. ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారైతే ఒకటి గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. డోలక్ దెబ్బ కరిగిపోతుంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా గది అంతా తిరుగుతుంది. స్పీకర్ చెడిపోయిందని ఊఫరు మార్పించేముందు ఈ రెండు తీగలు చూడండి.

పెదవి ముందు, మాట వెనక

వైర్ల గొడవెందుకు, బ్లూటూత్ ఉంది కదా అంటారు. పాటలకు ఫర్వాలేదు. సినిమాకే చిక్కు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చేరేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం సాధారణం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనిషి పసిగడతాడు. ముందొస్తే త్వరగా, వెనకబడితే ఆలస్యంగా పట్టుకోవడానికి కారణముంది. లోకంలో శబ్దం ఎప్పుడూ వెలుతురు వెనకే వస్తుంది. సెకనుకు 340 మీటర్ల లెక్కన, తెరకు 30 మీటర్ల దూరంలో కూర్చున్న ప్రేక్షకుడికి మాట దాదాపు 90 మిల్లీసెకన్లు ఆలస్యంగానే చేరుతుంది. దాన్ని మెదడు సర్దుకుంటుంది. బ్లూటూత్ ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి కొన్ని యాప్‌లు బొమ్మను కాస్త ఆపి మాటతో కలుపుతాయి. గేముల్లో ఆ ఆటలు సాగవు. కాబట్టి సినిమాకు, ఆటకు వైరే వాడండి. బ్లూటూత్‌ను పాటలకు ఉంచుకోండి.

గుయ్‌మనే శబ్దం, మాడే వాసన

అన్నీ సరిగ్గా కలిపాక కూడా స్పీకర్లలోంచి ఆగకుండా ‘గుయ్’మని వస్తుంటే అది మన 50 హెర్ట్‌జ్ కరెంటు గొంతు. యాంప్లిఫయర్‌కు త్రీ పిన్ ప్లగ్గు ద్వారా ఒక ఎర్తు, కేబుల్ టీవీ వైరు పై తొడుగు ద్వారా వీధిలో ఎక్కడో ఇంకో ఎర్తు అందితే ఆ రెంటి మధ్య కరెంటు పారి ఈ శబ్దం పుడుతుంది. కేబుల్ వైరు పీకగానే శబ్దం ఆగిందా, దొంగ దొరికినట్టే. టీవీ, బాక్సు, యాంప్లిఫయర్ మూడింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అప్పటికీ పోకపోతే ఆప్టికల్ వైరుకు మారండి. కాంతికి ఎర్తుతో పనిలేదు. మూడో పిన్ను విరిచేసి శబ్దం ఆపే చిట్కా మాత్రం వద్దే వద్దు. ఆ పిన్ను ఉన్నది మీ ప్రాణం కోసం.

అమెరికా నుంచి బాబాయో, బావగారో ప్రేమగా పంపిన యాంప్లిఫయర్ ఉంటే ప్లగ్గు పెట్టేముందు వెనక చీటీ చదవండి. ‘120 వోల్టులు’ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది క్షణాల్లో మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. ‘100-240’ అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు.

అదే చీటీ ఇంకో నిజం కూడా చెబుతుంది. అట్టపెట్టె మీద ‘5,000 వాట్లు పీఎంపీఓ’ అని ఉంటుంది. వెనక చీటీ మీద అది వాడుకునే కరెంటు 60 వాట్లని ఉంటుంది. 60 వాట్లు తిని 5,000 వాట్లు ఇచ్చే యంత్రం ఈ భూమ్మీద లేదు. కొనేటప్పుడు నిలకడగా ఇచ్చే వాట్లను చెప్పే ఆర్‌ఎంఎస్ అంకె అడగండి. చెప్పలేకపోతే పక్క షాపుకు నడవండి.

అమ్మ చేతిలో మూడు రిమోట్లు

ఆదివారం పొద్దున గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఒక ఇల్లు. డల్లాస్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్.

“ఒరేయ్ నాన్నా, బొమ్మ వస్తోంది, మాట రావట్లేదురా.”

“అమ్మా, ఏ రిమోట్ నొక్కావు?”

“నల్లదిరా.”

“మూడూ నల్లవేనమ్మా! సరే, ఫోను టీవీ వెనక్కి తిప్పు.”

ఆ తర్వాత గోడకు, టీవీకి మధ్య నాలుగు వేళ్ల సందులో ఫోను దూర్చడం, చీకట్లో ఏమీ కనిపించకపోవడం, ‘మీ నాన్నను పిలుస్తానుండు’ అనడం ఎన్నో ఇళ్లలో నడిచే తంతే. దీనికి రెండు మందులున్నాయి. ఒకటి సీఈసీ. హెచ్‌డీఎంఐలోనే ఉండే ఈ సౌకర్యంతో టీవీ వేయగానే సౌండ్‌బార్ కూడా లేస్తుంది, ఒకే రిమోట్‌తో అన్నీ నడుస్తాయి. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్... పేరు ఏదైనా పని అదే. మెనూలో వెతికి ఆన్ చేసి పెట్టండి. రెండోది తెల్ల ప్లాస్టర్ ముక్క. ప్రతి వైరుకు రెండు చివర్లా ‘డిష్’, ‘గేమ్’, ‘సౌండ్’ అని తెలుగులో రాసి అంటించండి. సెలవులకు ఊరొచ్చిన పిల్లలు వెళ్లేముందు చేయాల్సిన పని ఇది. పది నిమిషాలు పట్టదు.

కలిపే ముందు, కలిపాక

1. టీవీ, యాంప్లిఫయర్, బాక్సుల వెనక భాగాలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఏ రంధ్రాలున్నాయో అందులోనే చూసుకోవచ్చు.
2. జంక్షన్ ఏదో తేల్చుకుని, ఒక కాగితం మీద పెట్టెలు గీసి బాణాలు వేయండి. ఆ బాణాల లెక్కనే వైర్లు కొనండి.
3. స్ట్రీమింగ్ స్టిక్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ యూఎస్‌బీ చాలావాటిలో అర ఆంపియరే ఇస్తుంది. స్టిక్ మాటిమాటికీ ఆగి మొదలవడానికి కారణం అదే కావచ్చు.
4. రెండు స్పీకర్లు, మీరు కూర్చునే చోటు మూడూ సమాన దూరంలో ఉండాలి. ట్వీటరు చెవి ఎత్తుకు రావాలి. ఒకటి అల్మరా మీద, ఇంకోటి సోఫా వెనక పెడితే స్టీరియో ఉండదు.
5. మాటలు అర్థం కాకపోతే వాల్యూమ్ పెంచేముందు యాప్‌లో ఆడియోను 5.1 నుంచి స్టీరియోకు మార్చి చూడండి. టీవీలో ‘క్లియర్ వాయిస్’, ‘నైట్ మోడ్’ లాంటివి వేయండి.

పండగ ఆఫర్లు మళ్లీ వస్తాయి. ‘పాతది బాగా రావట్లేదు, కొత్తది కొందాం’ అని ఇంట్లో మాట మొదలయ్యే లోపు ఒక టార్చిలైటు పట్టుకుని టీవీ వెనక్కి వెళ్లండి. పసుపు వైరు ఉంటే తీసేయండి. ఏఆర్‌సీ రంధ్రం ఎక్కడుందో చూడండి. అటక మీది స్టీరియోను దించి, దుమ్ము దులిపి, ఒక్క వైరు కలిపి వినండి. అప్పటికీ బాగోలేకపోతే అప్పుడు షాపుకు వెళ్లండి. చాలా ఇళ్లకు ఆ అవసరం రాదు.